అద్దం బండలు

రాయిలో ముఖం చూసుకొని మురిసిపోయే మనిషిని నేను ఆ ఎండాకాలమే మొదటిసారి చూశాను.

లారీలోంచి దించిన నల్లరాతి పలకను కూలీలు గోడకు ఆనించి నిలబెట్టారు. పాలిష్ పట్టి పట్టి దాన్ని అద్దం చేశారు. సారు ముందుకు వంగి, తల అటూ ఇటూ తిప్పి, చెవుల పక్క వెంట్రుకలు దువ్వుకున్నారు. డిజైన్లు చేసే సాయికిరణ్ అది ఫోన్‌లో ఫొటో తీశాడు. మా ఆయన ఐలేశం చేతులు కట్టుకొని నవ్వుతూ నిలబడ్డాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు. సారు నవ్వారు, తనూ నవ్వాడు. అంతే.

ఆ పలకలు హాల్లో పరచడానికి కాదు, కొత్తగా కట్టిన ఈతకొలను చుట్టూ అంచుకు. తడి కాళ్లతో మనుషులు ఎక్కీ దిగే చోట అద్దం వేయాలని ఇద్దరు చదువుకున్నవాళ్లు నెల రోజులు ఏసీ గదిలో కూర్చొని తేల్చారు.

చౌటుప్పల్ దాటాక హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే సారు ఫాంహౌజ్. మేము అక్కడ కాపలాకు ఉన్నాం. కాపలా అన్నది పేరుకే. మామిడి చెట్లకు నీళ్లు, సారు కుక్కకు స్నానం, ఆదివారం వచ్చే చుట్టాలకు వంట, వాళ్లు పోయాక సీసాలు ఏరడం, అన్నీ మావే. పైగా మా ఆయన బండలు పరిచే మేస్త్రి కావడం సారు అదృష్టం. మాకిచ్చిన రేకుల గది గడప నుంచి ఈతకొలను అంచుకు నా అడుగులు పన్నెండు. నా కూతురు అనూహ్య అడుగులు ఇరవై ఆరు. రెండూ నేనే కొలిచాను. దానికి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు. పొయ్యి మీది పాలు పొంగేలోపు అది ఇరవై ఆరు అడుగులు వేసేయగలదు. ఇరవై ఏడో అడుగు ఎక్కడ పడుతుందోనన్న భయంతోనే ఆ మూడు నెలలూ నాకు నిద్రా తిండీ సాగాయి.

"సార్, తడిస్తే జారుతది గీ రాయి," అన్నాను. పిల్ల చంకలో ఉంది.

కుక్క మాట్లాడినా సారు అంత ఆశ్చర్యపోయేవారు కాదేమో. సాయికిరణే జవాబు చెప్పాడు. "అక్కా, ఇది ప్రీమియం లుక్. దుబాయ్ హోటళ్లలో ఇదే వేస్తారు."

"దుబాయ్‌ల పిల్లలు తడి కాళ్లతోని ఉరకరా?"

మా ఆయన నా మోచేయి గిల్లాడు. సారు మళ్లీ రాయి వైపు తిరిగి, "చాయ్ పెట్టమను," అన్నారు. నాతో కాదు, మా ఆయనతో. మధ్యలో నేను నిలబడే ఉన్నాను.

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. సాయికిరణ్ ఏవో పెద్ద చదువులు చదివాడు. రాయి మాత్రం ఎవరి సర్టిఫికెట్లూ చూడదు. అచ్చంపేట వైపు మా అమ్మ బిక్షమ్మ ఉలీ సుత్తే సంచిలో వేసుకొని ఊరూరూ తిరిగి రోళ్లకు, ఇసుర్రాళ్లకు కక్కు కొట్టేది. వాడగా వాడగా రోలు నున్నబడుతుంది, గింజ నలగకుండా జారిపోతుంది. అప్పుడు ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టి దాన్ని మళ్లీ గరుకు చేయాలి. అదే కక్కు. ఆ సంచి పట్టుకొని అమ్మ వెనక తిరిగిన పిల్లను నేను. నున్నటి రాయి మీద ఏదీ నిలవదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా ఆయనకూ తెలుసు. ఆయనదీ రాయి కొట్టే ఇల్లే. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను.

"నీకు తెల్వదా, జారుతదని?"

"తెలుసు."

"మరి చెప్పవా?"

"పెద్దోళ్లు. వాళ్లకు నచ్చింది. మనదేం పోయింది?"

"మన పిల్ల పోతది."

"నోరు జర మంచిగ పెట్టుకో," అని కంచంలో చేయి కడుక్కున్నాడు. ఆ రోజు ఆయన్ని చూస్తే నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుట మనిషి ఉండాలి కదా.

పదిహేను రోజుల్లో పని అయింది. వంకర లేదు, వంపు లేదు, పనితనానికి పేరు పెట్టలేం. సాయికిరణ్ దగ్గరుండి అంచులు కత్తుల్లా కోయించి, వాలు కొలను వైపే పెట్టించాడు. బయటి మట్టీ ఆకులూ కడిగితే నేరుగా నీళ్లలోకే. తోటలో కాకి రెట్ట వేసినా సారు తలంటుకే పోవాలని వాళ్ల ఉద్దేశం కాబోలు.

ఉగాది పోయిన ఆదివారం సారు, శ్రీలత మేడం, వాళ్ల చుట్టాలు ఇద్దరు ముగ్గురు కొత్త కొలనులో దిగడానికి వచ్చారు. పదకొండు దాటింది. నల్లరాయి, అందులో మా నల్లగొండ ఎండ. సారు చెప్పులు గడ్డి మీద విడిచి, పొట్ట లోపలికి బిగబట్టి, గొప్పగా బండ మీద కాలు పెట్టారు. ఆ తరువాత ఆయన నడిచింది నడక కాదు. ఒక కాలు ఎత్తి, రెండో కాలు ఎత్తి, రెండూ ఒకేసారి ఎత్తాలని చూసి, ఎగురుతూ పోయి నీళ్లలో పడ్డారు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఈత మొదలుపెట్టారనుకున్నారు.

నేను కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయాను.

"ఐలేశం! నీళ్లు కొట్టు! బండల మీద నీళ్లు కొట్టు!"

మా ఆయన పైపు పట్టుకొని తిరిగాడు. బండ చల్లబడింది, మేడం కాలు జారింది. కుర్చీ పట్టుకొని ఆగింది. "తుడు, తుడు!" అన్నారు. తుడిచాడు. పావుగంటలో మళ్లీ పెనం. "నీళ్లు కొట్టు!" ఆ రోజంతా ఆయన చల్లడం, తుడవడం, చల్లడం. ఆరితే కాలుతుంది, తడిస్తే జారుతుంది. ఆ రెంటి మధ్య అంత డబ్బున్న మనుషులు మేము పరిచిన గోనెసంచుల మీద కోళ్లలా గెంతుకుంటూ స్నానాలు చేశారు. మరుసటి వారం సాయికిరణ్ ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిపించాడు. రెండు రోజుల ఎండకే అది కమురు వాసన వేసింది. దాన్ని కూడా చుట్టి షెడ్డులో పడేశాం.

మొదటిసారి కొలనులో దిగిన ఆ ఆదివారమే మేడం మా గది ముందు నుంచి పోతూ ఆగింది. నేను వంట చేసినంతసేపూ పిల్ల నడుముకు పాత చీర చుట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టేదాన్ని. చీర పొడవు గడప దాకా. అనూహ్య ఆ కొసన కూర్చొని చీమలకు చక్కెర పెడుతోంది.

"అయ్యో, పిల్లను పశువులా కట్టేస్తావా? ఏం తల్లివి నువ్వు?"

"గా బండలు ఇప్పెయ్యుండ్రి మేడం, నేను పిల్లను ఇప్పుత."

మేడం నవ్వింది. జోక్ అనుకుంది. పోయి ఎవరితోనో చెప్పి మళ్లీ నవ్వింది. వాళ్లకు ఏ మాటైనా నవ్వుకే పనికొస్తుంది, అదొక సుఖం.

ప్లాస్టిక్ గడ్డి తీసేశాక వచ్చిన గురువారం. సారు సాయంత్రం వస్తున్నానని ఫోన్ చేస్తే మా ఆయన బండలన్నీ కడిగి, పైపు చుట్టడానికి వెనక్కి పోయాడు. నేను బయట గిన్నెలు తోముతున్నాను. తల ఎత్తితే మంచం కోడుకు చీర ఉంది, చీర కొసన పిల్ల లేదు.

అనూహ్య కొలను అంచు మీద ఉంది. లోతు వైపు. చేతులు రెండూ చాచి, ఒక్కొక్క కాలూ తీసి ముందు పెడుతూ నడుస్తోంది. బండలో దాని నీడ కాదు, అదే తలకిందులుగా నడుస్తున్నట్టు కనిపిస్తోంది. దాన్నే చూసుకుంటూ మురుస్తోంది.

అరిస్తే ఉలిక్కిపడుతుంది. ఉరికితే నేనే జారుతాను. గిన్నె కింద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను. కాలివేళ్లు ముడుచుకొని, పాదం రాయికి అతికించి, లేపి, మళ్లీ అతికించి నడిచాను.

"అమ్మా, సూడు, బండల ఇంకో పోరి ఉన్నది."

"ఉన్నదా? ఏం పేరంట ఆమెది?"

అది ఆగి, వంగి, బండను అడిగింది. అప్పటికి నా చేయి దాని చొక్కా మీద పడింది. ఎత్తుకొని గదిలోకి వచ్చి, తలుపు గొళ్లెం పెట్టి, నేల మీద కూర్చున్నాను.

మా ఆయనకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? ఎండ తగ్గాక ఆయన సంచిలోంచి ఉలి, సుత్తె తీశాను. మా గడపకు ఎదురుగా ఉన్న బండ ముందు మోకాళ్ల మీద కూర్చొని మొదటి దెబ్బ కొట్టాను. అద్దం మీద జొన్నగింజంత తెల్లటి మచ్చ పడింది. ఇంకోటి కొట్టాను.

చప్పుడు విని మా ఆయన ఉరికొచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం జేస్తున్నవే! పిచ్చి లేసిందా? సారు జూస్తే కొలువు ఉంటదా?"

"పిల్ల ఇయాల్ల గీ అంచు మీద నడిచింది. లోతు దిక్కు."

ఆయన కొలను వైపు చూశాడు. గడప వైపు చూశాడు. మంచం కోడుకు వేలాడుతున్న చీర వైపు చూశాడు. తరువాత నా చేతిలోంచి సుత్తె లాక్కున్నాడు. పోనీ, ఇంతే కదా ఈ మనిషి అనుకున్నాను.

"గట్ల పట్టుకుంటే రాయి పెచ్చు లేస్తది," అన్నాడు. బండ మీద సుత్తె పిడితో అక్కడక్కడా తట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఇక్కడ కింద బోలు ఉన్నది. ఇక్కడ మెల్లగ కొట్టాలె. పరిచింది నేను, నాకెర్కలేదా?"

పొద్దు గూకేలోపు ఇద్దరం కలిసి మూడు బండలకు కక్కు పెట్టాం. సారు ఎందుకో ఆ సాయంత్రం రాలేదు. నాకు నేనే గొప్పదాన్నని తోచింది. మరునాడు పొద్దున్నే పిల్లను వాటి మీద నడిపించాను. కాలు జారలేదు. నాలుగడుగులు వేసి అనూహ్య ఏడ్చింది. కాళ్లు తిప్పి చూస్తే రెండు అరికాళ్లూ గీరుకుపోయి, ఎర్రగా రక్తం ఊరుతోంది.

సాయికిరణ్‌ను, సారును, మొగుణ్ని అందర్నీ మందమతులనుకున్న నేను చేసిన పని అది. పసుపు అద్దుతూ, నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. అమ్మకు ఫోన్ చేశాను.

బిక్షమ్మ శనివారం బస్సు దిగింది. వయసు మీదపడినా నడక తగ్గలేదు. మనవరాలిని ముద్దు పెట్టుకొని, కొలను చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏం బండలే ఇవి! పెండ్లి సూపులకు తయారైనట్టు ఉన్నయి. అల్లుడా, నువ్వే ఏసినవా?"

"నేనే అత్తా."

"మంచిగున్నయి. ఎవ్వరూ నడవకుంటె ఇంకా మంచిగుంటయి."

నేను కక్కు పెట్టిన బండల దగ్గరికొచ్చి అరచేయి రాసి చూసింది. చూసి నా వైపు తిరిగింది.

"పోరీ, ఇది రోలుకు కొట్టే కక్కు గదనే! గింజను నలగ్గొట్టే కక్కు. పిల్ల కాళ్లను ఇసిరి పిండి పట్టుకుంటవా?"

నాకు చిన్నప్పటి నుంచి చేతికి వచ్చింది ఆ ఒక్క దెబ్బే. రాయి గరుకు కావాలంటే చేయి దానంతటదే రోలును చేసేస్తుంది. అమ్మ ఉలి నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టుకొని, లోతు లేకుండా, దగ్గర దగ్గరగా, ఆవాలు చల్లినట్టు కొట్టింది. తరువాత తడి ఇసుక పోసి, సానరాయితో రుద్ది మొనలన్నీ చంపింది. కత్తిలాంటి అంచును మా ఆయన మిషన్‌తో అరగదీసి బొటనవేలి కొసలా గుండ్రంగా చేశాడు. ఆఖరికి అమ్మ తన రవిక గుడ్డ పేలిక తడిపి బండ మీద ఈడ్చింది. జారనూ లేదు, పోగు చిక్కుకోనూ లేదు.

"గిట్లుండాలె. కాలు పట్టాలె, కొరకొద్దు."

ఉలి పడిన చోట నలుపు పోయి బూడిదరంగు తేలింది. ఆ మధ్యాహ్నం నల్లబండ మీదా దీని మీదా కాలు పెట్టి చూశాను. కక్కు పెట్టిన బండ వేడిగానే ఉంది కానీ, కాలు పెట్టి నాలుగు మాటలు మాట్లాడేంత ఓర్చుకోవచ్చు.

ఆదివారం సారు వచ్చారు, వెంట మేడం, సాయికిరణ్. మూడు బూడిదరంగు బండలు చూసి ఆయన గొంతు మామిడితోట చివరి దాకా వినిపించింది.

"ఎవడ్రా ఇది పాడు చేసింది?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన ముందుకొచ్చాడు. చేతులు కట్టుకోలేదు.

"నేనే సార్. పిల్ల జారుతదని."

"నీ పిల్ల కోసం నా పూల్ పాడు చేస్తావా?"

మేడం అప్పుడే నీళ్లలోంచి పైకి వచ్చింది. మా గడప వైపు మెట్ల నుంచే వచ్చింది, బూడిదరంగు బండల మీదికి. సారు తిడుతూనే ఉన్నారు. ఆమె జుట్టు పిండుకుంది, తువ్వాలు కట్టుకుంది, చెవిలో నీళ్లు దులుపుకుంది. పక్కనున్న నల్లబండ మీద మాత్రం కాలు పెట్టలేదు. అక్కడే నిలబడి, "ఇవి బాగున్నాయండీ," అంది. సారు తిట్టు సగంలో ఆగింది.

సాయికిరణ్ వెంటనే ఫోన్ తీశాడు. "సార్, ఇది హ్యాండ్ టెక్స్చర్. నేనే చెబుదామనుకుంటున్నా. మొత్తం ఇలాగే చేయిద్దాం. ఎవరి ఐడియా అక్కా?"

"మా ఊర్ల రోళ్లది," అన్నాను.

మే నెల ఆఖర్లో మేడం వైపు పిల్లలు పన్నెండు మంది సెలవులకు వస్తున్నారు. మిషన్ పని వాళ్లు జూన్ దాకా దొరకరు. కాబట్టి ఆ సాయంత్రం సారు మా రేకుల గది దగ్గరికి తనే నడిచి వచ్చారు. అంతకుముందు ఆ గది వాకిట్లో ఆయన నిలబడగా నేను చూడలేదు. లోపలికి చూడకుండా, మామిడి చెట్టుతో మాట్లాడినట్టు, మిగతా బండలు కూడా అలాగే చేస్తారా అని అడిగారు.

"చేస్తం సార్," అన్నాను. "కానీ ఒక్క మాట. నా పిల్లకు ఈత నేర్పాలె. గీ కొలనులనే. దాని తండ్రే నేర్పుతడు."

"ఈ పూల్‌లోనా?"

"దీన్ల పడతదనే గద సార్ నా భయం. వేరే దాన్ల నేర్చి ఏం లాభం?"

మా ఆయన నా వైపు చూడలేదు. సారు వైపే చూస్తూ, "కూలి ఎంతిచ్చినా మంచిదే సార్," అన్నాడు. "ఇది మాత్రం కావాలె." గుడిసెలో పుట్టిన పిల్లకు తన నీళ్లు ఇవ్వడం, లేదా చుట్టాల పిల్లల తలలు పగలడం. సారు ఈ రెండింటినీ చాలాసేపు తూచారు. అంతసేపు పట్టిందంటేనే ఆయన ఎంతటి మనిషో తెలుస్తుంది. ఆఖరికి, "వాళ్లు వచ్చేలోపు అయిపోవాలి," అన్నారు. అయిపోవాల్సింది బండల పనో, ఈతో చెప్పలేదు.

ఆ నెల మేము ముగ్గురం పొద్దున్నా సాయంత్రమూ ఆ కొలను చుట్టూ మోకాళ్ల మీద తిరిగాం. ముందు మా ఆయన తట్టి వింటూ, వెనక నేను కొడుతూ, నా వెనక అమ్మ ఇసుకతో రుద్దుతూ. పిల్లలు దిగే మెట్ల దగ్గర అమ్మ రెండుసార్లు రుద్దించింది. "వాళ్ల పిల్లల మీద నీకెందుకే అంత పావురం, అంత ప్రేమ?" అని నేను ఉడికిస్తే, "కాలికి ఏం తెలుసే ఎవ్వల కాలో," అంది. నాకు ఆ మంచితనం లేదు. అయినా రుద్దాను.

ఎండ ముదరకముందు మా ఆయన పిల్లను నీళ్లలో దింపేవాడు. నీళ్లు నిండిన రాతి క్వారీలలో ఈత నేర్చినవాడు ఆయన. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా దాని వీపుకు కట్టాడు. మొదటి రోజు అనూహ్య ఆయన మెడ వదల్లేదు. నాలుగో రోజు వదిలింది. నేను అంచు మీద కూర్చొని, కొడుతున్న ఉలి ఆపి చూసేదాన్ని. పదకొండో రోజు డబ్బా తీసేశాడు. అది మునిగింది. నీళ్లు మూసుకున్నాయి. నేను లేవబోతే అమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. పిల్ల తల పైకి వచ్చింది, చేతులు కొట్టింది, కుక్కపిల్లలా అడ్డదిడ్డంగా నా వైపే వచ్చి, గుండ్రటి అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"నాయిన పట్టుకోలే," అంది దగ్గుతూ. "నేనే."

చుట్టాల పిల్లలు వచ్చే ముందు రోజు సారు వచ్చి, కొలను చుట్టూ చెప్పుల్లేకుండా ఒకసారి నడిచారు. తల ఊపారు. తరువాత మా ఆయన్ని పిలిచి, నీళ్లు మొత్తం తీసేసి, లోపల మందు వేసి కడిగి, కొత్త నీళ్లు పట్టమన్నారు. ఎందుకో చెప్పలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు. మేడం ముఖం తిప్పుకొని ఫోన్ చూసుకుంది.

మా ఆయన సారు వైపు ఒక అడుగు వేశాడు. ఏదో అనబోయాడు. నేనే పోయి మోటారు స్విచ్ వేశాను.

నీళ్లు గోడ వెంట ఒక్కొక్క అంగుళమే దిగుతున్నాయి. అనూహ్య అంచు మీద కూర్చొని, కాళ్లు లోపలికి వేలాడేసి చూస్తోంది. దాన్ని అక్కడ వదిలి నేను గదిలోకి పోయి, పొయ్యి మీద పాలు పెట్టాను. పాలు పొంగాయి. దింపాను. చాయ్ పోసుకొని వచ్చేసరికి కొలను సగం ఖాళీ అయింది. పిల్ల ముఖం దిగులుగా ఉంది.

"అమ్మా, నీళ్లు పోతానయి. నా ఈత గూడ పోతదా?"

"పోదు బిడ్డా," అన్నాను. "గా ఈత వాళ్లది కాదు."